ఖాళీ ఉన్నా చోటు లేదు

మన విద్యార్థులలో పెక్కుమంది 'ఫ్రాగ్మెంటేషన్' అను మాటను రెండు మార్కుల నిర్వచనంగా కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోతున్నారు. ఇది విచారించదగిన విషయం. కంప్యూటరు మెమరీలో ఖాళీ ఎంత ఉన్నదన్న దానికంటె, అది ఏ రీతిగా అమరి ఉన్నదన్నదే ముఖ్యమని బోధించే ఈ సమస్య, శాస్త్రీయదృష్టిని అలవరచడానికి ఎంతో తోడ్పడగలదని నా విశ్వాసం.

ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని పేజీలుగా విభజించి పంచిపెడుతుంది. సాధారణ ఇంటెల్ తరహా యంత్రాలలో ఒక పేజీ 4 కిలోబైట్లు. లినక్స్‌లో ఈ పంపకం 'బడ్డీ' పద్ధతిపై సాగుతుంది. 1965లో కెన్నెత్ నోల్టన్ ప్రకటించిన ఈ పద్ధతిలో ఖండాలు 1, 2, 4, 8 పేజీలుగా రెట్టింపవుతూ ఉంటాయి. చిన్నది కావలసినప్పుడు పెద్ద ఖండాన్ని సగానికి చీలుస్తారు. అది తిరిగి వచ్చినప్పుడు దాని జంట కూడా ఖాళీగా ఉంటే రెండింటినీ కలుపుతారు. జంట ఆక్రమితమై ఉంటే కలయిక అక్కడితో ఆగిపోతుంది.

అర్థశాస్త్ర విద్యార్థులకు భూకమతాల విఘటన తెలిసినదే. ఒక రైతు పదెకరాలు పది చోట్ల చెదిరి ఉంటే, లెక్కకు పదెకరాలే గాని ఒక్క బావితో తడిపే వీలుండదు. మెమరీ సంగతి కూడా అంతే. 2 మెగాబైట్ల పెద్ద పేజీ కావాలంటే 512 చిన్న పేజీలు వరుసగా ఖాళీగా ఉండాలి. 1 గిగాబైటులో అట్టి ఖండాలు 512 కలవు. ఒక్కొక్క ఖండంలో కదల్చరాని పేజీ ఒక్కటి చొప్పున చేరినదనుకోండి. అవన్నీ కలిసి 2 మెగాబైట్లే. అయినను, మిగిలిన మెమరీ అంతా ఖాళీగా ఉన్నప్పటికీ ఒక్క పెద్ద పేజీ కూడా దొరకదు! ఆ 512 పేజీలనే ఒకచోట చేర్చినట్లయితే చెడిపోయేది ఒక్క ఖండమే.

మెల్ గోర్మన్ కృషికి మూలం ఈ సూత్రమే. 2008 జనవరిలో వెలువడిన లినక్స్ 2.6.24లో ఆయన పద్ధతి చేరింది. పేజీలను కదల్చదగినవి, తిరిగి రాబట్టదగినవి, కదల్చరానివి అని వర్గీకరించి వేర్వేరు ఖండాల నుండి ఇస్తారు. మన ప్రోగ్రాముల పేజీలను పేజీ టేబుల్ సవరించి మరొకచోటికి మార్చవచ్చును. కెర్నెల్ తన సొంతానికి వాడుకొను పేజీలలో పెక్కింటికి ఆ వీలు లేదు. ఒక వర్గానికి చోటు చాలనప్పుడు మరొక వర్గం నుండి అరువు తెస్తారు. అప్పుడు చిన్న ముక్కను గాక, దొరికినంతలో పెద్ద ఖండాన్నే తీసుకొంటారు. ఇది వింతగా తోచవచ్చు. కాని చిన్న ముక్కలను పలుచోట్ల తీసుకొంటే పలు ఖండాలు చెడుతాయి గదా!

"మెమరీ చౌకయైనది, చెదిరిన తరువాత సర్దుకొనవచ్చును" అని కొందరి వాదన. 2010లో వచ్చిన 2.6.35 నుండి లినక్స్‌లో అట్టి సర్దుబాటు ఉన్నమాట నిజమే. కాని అది కదిలే పేజీలనే కదల్చగలదు. ప్రతి పేజీని నకలు చేయడానికి కాలం కూడా వెచ్చించాలి. ఇక మెమరీని పెంచినంత మాత్రాన చెదిరే గుణం మారదు. వర్గీకరణ కూడా సర్వరోగ నివారిణి కాదు. మెమరీ నిండుకొన్నకొద్దీ అరువులు పెరిగి వర్గాల హద్దులు చెరుగుతాయి. కనుక రెండూ అవసరమే. అయితే ముందుచూపుతో కూడిన అమరికదే అగ్రస్థానం కావాలి. మరమ్మతు దాని తరువాతిది.

కళాశాల కమిటీవారికి నా విన్నపం ఒక్కటే. లినక్స్ ఉచితంగా లభిస్తుంది. అందులోని 'బడ్డీఇన్ఫో' అను ఫైలు ఏ పరిమాణపు ఖాళీ ఖండాలు ఎన్ని ఉన్నవో ఎప్పటికప్పుడు చూపుతుంది. ప్రయోగశాలలో విద్యార్థుల చేత దానిని చదివించండి. పెద్ద ఖండాల అంకెలు తమ కళ్లయెదుటనే సున్నాకు దిగజారడం చూచినవారికి ఆ నిర్వచనాన్ని కంఠస్థం చేయవలసిన అగత్యం ఉండదు.