మాట విన్నామా?

"మా గుంటడు నా మాట వింటాడు" అని మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒక తల్లి చెప్పిందంటే, కొడుకుకి చెవులు బాగా పనిచేస్తున్నాయని కాదు. చెప్పింది చేస్తాడని. తెలుగులో వినడం, లోబడడం రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో 'షామా' అన్న మాట కూడా అంతే. కొత్త నిబంధనలో విధేయతకు వాడిన 'హుపకొయె' అనే గ్రీకు మాటకూ వినడమే మూలం. చేయని వినికిడిని బైబిలు వినికిడిగా లెక్కించదు.

మన తీరానికి ఈ మాట కొత్తగా రాలేదు. 1805లో క్రాన్, డీగ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి పూనుకున్నారు. అప్పటినుండి రెండు వందల ఏళ్లకు పైగా దేవుని వాక్యం మన భాషలో మన మధ్య ఉంది. ఆదివారం ఆరాధనలు, శ్రమదినాల కూటాలు, ఉజ్జీవ సభలు, ఇప్పుడు సెల్‌ఫోన్లో ప్రసంగాలు. వినడానికి కొదవ లేదు. మరి మాట విన్నామా?

పురుషోత్తమ చౌదరి గారిని తలచుకుందాం. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. 1833లో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో ఆ అడుగు వేయడమంటే కులాన్నీ, బంధువర్గాన్నీ, పుట్టుకతో వచ్చిన గౌరవాన్నీ వదులుకోవడమే. ఆ తరువాత శ్రీకాకుళం మొదలుకొని అనేకచోట్ల సువార్త ప్రకటించి, నూటికి పైగా కీర్తనలు రచించి, 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన కీర్తనలు లేని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని మనం ఊహించలేం.

ఆయన కీర్తనలే కాదు, 'కులాచార పరీక్ష' అనే పుస్తకం కూడా రాశారు. కీర్తనలు మనం కంఠతా పట్టాం. ఆ రెండవదాన్ని మరచిపోయాం. ఆదివారం ఆయన పాట పాడిన నోటితోనే, సోమవారం పెళ్లి సంబంధం వస్తే "వాళ్లేమిట్లు?" అని అడుగుతున్నాం. అమ్మాయి ప్రార్థనాపరురాలా అన్న ప్రశ్న ఆ తరువాతే. కట్నం ఎంత అన్నది మాత్రం మరచిపోం. బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొంది, పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు ముఖాలు తిప్పుకుంటున్నారు. ప్రియులారా, ఎదుగుదల ఆగిపోయింది ఇక్కడే. సంఘ సభ్యత్వానికి ఎన్నేళ్లయిందో అది వయసు మాత్రమే, ఎదుగుదల కాదు.

సౌలు రాజు శత్రువుల మందలో మంచి గొర్రెలను, ఎడ్లను మిగిల్చి బలికోసమని చెప్పాడు. సమూయేలు ఆ బలిని మెచ్చుకోలేదు (1 సమూయేలు 15). దేవుడు అడిగింది ఇవ్వకుండా, అడగనిది ఎంత ఘనంగా ఇచ్చినా అది విధేయత కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇదంతా విని, ఇకనుండి నియమాలు గట్టిగా పాటిద్దాం అని మాత్రమే లేస్తే మళ్లీ దారి తప్పినట్టే. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకు తండ్రి ఆజ్ఞను ఎన్నడూ మీరలేదని చెప్పుకున్నాడు. అయినా విందు జరుగుతున్న ఇంట్లోకి అడుగుపెట్టలేదు (లూకా 15). పని అంతా చేశాడు, తండ్రి మనసు మాత్రం తెలుసుకోలేదు. ఇంట్లోనే ఉండి కూలివానిలా బతికాడు. తండ్రి అతని కోసమూ బయటికి వచ్చి బతిమాలాడు. అదే సువార్త.

అందుకే పౌలు రోమా విశ్వాసుల విధేయత హృదయంలోనుండి వచ్చిందని దేవునికి కృతజ్ఞత చెల్లించాడు (రోమా 6:17). ప్రభువు కూడా తన ఆజ్ఞలు గైకొనడాన్ని తనమీది ప్రేమతోనే ముడిపెట్టాడు (యోహాను 14:15). మనం లోబడి దేవుని ప్రేమను సంపాదించుకోం. ఆయన ముందే ప్రేమించాడు గనుక లోబడతాం. లోబడేకొద్దీ ఆయన్ని మరింత తెలుసుకుంటాం. తెలుసుకునేకొద్దీ లోబడడం తేలికవుతుంది. ఆత్మీయ ఎదుగుదల అంటే ఇదే.

ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. ఒక్క మాటతో మొదలుపెట్టవచ్చు. ఈ వారం వాక్యం చదివేటప్పుడు కొత్త సంగతి కోసం వెతకక్కరలేదు. ఇదివరకే తెలిసి, పక్కన పెట్టిన మాట ఏదో ప్రభువునే అడుగుదాం. అది మాట్లాడటం మానేసిన తమ్ముడి ఇంటికి వెళ్లడం కావచ్చు. కూలి డబ్బులు బాకీ లేకుండా ఇచ్చెయ్యడం కావచ్చు. కులం చూసి వద్దన్న సంబంధాన్ని మళ్లీ ప్రార్థనలో పెట్టడం కావచ్చు. చేయడానికి బలం కూడా ఆయనే ఇస్తాడు (ఫిలిప్పీ 2:13).

"నా బిడ్డ నా మాట వింటాడు" అని పరలోకపు తండ్రి మన గురించి చెప్పుకునే కృప మనకు కలుగును గాక. ఆమేన్.