సైకిల్ సీటుకి స్టార్ రేటింగ్ కాదు, డెమో పీస్ కావాలి

ఫోన్ కొనేముందు మనం చూడని స్పెక్ ఉండదు. షాపుకి వెళ్తే డెమో పీస్ కూడా చేతికిస్తారు. అదే లాంగ్ రైడ్స్ కోసం సైకిల్ సీటు కొనాలంటే? బొటనవేలితో నొక్కి చూడటం, డబ్బులు కట్టడం. అంతే.

గౌలిగూడ సైకిల్ షాపుల్లో 'లాంగ్ రైడ్‌కి మంచి సీటు ఇవ్వన్నా' అని అడగండి. ముందు బయటికొచ్చేది జెల్ సీటే. "గద్దా జైసా హై భయ్యా" అంటారు. అబద్ధమేం కాదు, నిజంగానే పరుపులా ఉంటుంది. పది కిలోమీటర్ల వరకు హాయిగానే ఉంటుంది కూడా. అసలు కథ నలభై దాటాక మొదలవుతుంది.

సీటు మీద మన బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. వీటినే సిట్ బోన్స్ అంటారు. సీటు మరీ మెత్తగా ఉంటే ఇవి లోపలికి దిగిపోతాయి, మధ్యలో జెల్ పైకి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడి నరాలు, రక్తనాళాలు ఉండే చోట పడుతుంది. తిమ్మిరి వచ్చేది అందుకే. కొత్త సీటు మీద ఎముకల దగ్గర నొప్పి నాలుగైదు రైడ్లకి తగ్గొచ్చు. తిమ్మిరిని మాత్రం 'అలవాటైపోతుందిలే' అని వదిలేయొద్దు. కెమెరాకి మెగాపిక్సెల్ ఎలాగో సీటుకి మెత్తదనం అలాగ: అమ్మడానికి పనికొస్తుంది, అదొక్కటే చూసి కొనడానికి కాదు.

ముందు చూడాల్సిన స్పెక్ వెడల్పు. కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ని 143, 155 మిల్లీమీటర్లు ఇలా రెండు మూడు సైజుల్లో అమ్ముతాయి. మీ సైజు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గట్టి స్టూల్ మీద డెలివరీ బాక్స్ అట్టముక్క వేసి, కాస్త ముందుకు వంగి కూర్చుని లేవండి. అట్ట మీద పడిన రెండు గుంటల మధ్య దూరం కొలిచి, దానికి ఓ 2 సెంటీమీటర్లు కలపండి. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ కావాలి, హ్యాండిల్ మీదకి బాగా వంగేవాళ్ళకి తక్కువ చాలు.

ఈ నంబర్‌తో సగం పనే అవుతుంది. బ్రూక్స్ బీ17 అనే తోలు సీటు వందేళ్ళకు పైగా అమ్ముడవుతోంది. అందులో జెల్ లేదు, ఫోమ్ లేదు. దాని మీద వందల కిలోమీటర్లు తొక్కేవాళ్ళున్నారు, గంట కూడా కూర్చోలేనివాళ్ళూ ఉన్నారు. మరి ఆన్‌లైన్‌లో కనిపించే 4.5 స్టార్లు ఎవరి ఒంటికి ఇచ్చిన రేటింగ్?

షాపు ముందు ఒక రౌండ్ కొట్టినా తేలదు. 200 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌కి ఇచ్చే టైమ్ 13 గంటల 30 నిమిషాలు. ఐదు నిమిషాల్లో బ్యాటరీ లైఫ్ చెప్పగలమా? ఇదీ అంతే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. షాపువాళ్ళు వేర్వేరు వెడల్పుల్లో నాలుగు డెమో సీట్లు పెట్టుకోవాలి. డిపాజిట్ తీసుకుని వారం రోజులకి ఇవ్వాలి. 'వాడిన సీటు మళ్ళీ ఎవరు కొంటారు' అనే మాట న్యాయమే. కానీ డెమో ఫోన్‌ని కూడా కొత్త ఫోన్‌గా అమ్మరు కదా! ఆ ఖర్చు అమ్మకంలో కలిసిపోతుంది. సీటు మార్చడం పానా పట్టిన చేతికి ఐదు నిమిషాల పని. విదేశాల్లో కొన్ని షాపులు ఇప్పటికే ఇలా ఇస్తున్నాయి.

ఇదేం చిన్న విషయం కాదు. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లోనే వచ్చింది. తొక్కే ఉత్సాహమూ ఉంది. కానీ నెల తిరక్కుండానే 'నా ఒంటికి సైక్లింగ్ పడదు' అని మానేసి, సైకిల్‌ని బాల్కనీలో బట్టలారేసే స్టాండ్ చేసినవాళ్ళు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. పడనిది సైక్లింగ్ కాదు, ఆ సీటు.

కొత్తది కొనేముందు ఉన్న సీటునే ఒకసారి లెవెల్‌గా పెట్టి, ఎత్తు సరిచేసి చూడండి. అప్పటికీ తిమ్మిరి తగ్గకపోతే అట్టముక్క మీద కొలిచిన నంబర్‌తో షాపుకెళ్ళండి. 'మెత్తగా ఉందా' అని కాదు, 'వెడల్పెంత, వారం వాడి చూడొచ్చా' అని అడగండి. పదిమంది అడిగితే పదకొండో వాడికి డెమో పీస్ దొరుకుతుంది.