బహుమానము దేనికి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనము వచ్చినదనగా ఒక పండుగ వచ్చినట్లే. బాలబాలికలు తాము చేసిన నమూనాలను ఒడిలో పెట్టుకొని బస్సులెక్కి ప్రదర్శనశాలకు వత్తురు. సాయంకాలమునకు కొందరు బహుమానములతోను, తక్కినవారు నమూనాలతోను ఇండ్లకు మరలుదురు. ఆ కొందరిని ఏ కారణమున ఎన్నుకొనిరో పలుమారు ఎవరికిని తెలియదు. నిర్ణేతలు చెప్పరు; పిల్లలు అడుగరు; ఉపాధ్యాయులు అడుగుటకు సంకోచింతురు. ఈ మౌనము మంచిది కాదని నా అభిప్రాయము. బహుమానము పొందని బాలునికి తాను ఓడితినని తెలియును గాని, ఎక్కడ తప్పితినో తెలియదు. పొందిన బాలునికి సైతము తన పనిలో మెచ్చదగినది ఏదో తెలియదు.

ప్రమాణములు లేవని కాదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 1971 నుండి బాలల కొరకు జాతీయ ప్రదర్శనమును నడపుచు, నిర్ణేతలకొక కొలమానమును సూచించియున్నారు. అందు నూటికి 20 పాళ్లు పిల్లల సొంత సృజనశక్తికిని ఊహకును, 15 నమూనాలోని క్రొత్తదనమునకు, 15 శాస్త్రీయమైన ఆలోచనకు, 15 పనితనమునకు, 15 ప్రయోజనమునకు, 10 తక్కువ వ్యయము, మన్నిక, మోసికొనిపోవుటకు వీలు అనువానికి, కడపటి 10 వివరించి చూపు నేర్పునకు. ఈ పట్టికను శ్రద్ధగా చదివినచో ఒక సంగతి తేటపడును. పనితనమునకును, మాటనేర్పునకును కలిపి ఇచ్చినది నాలుగవ వంతు మాత్రమే. ఊహకు, క్రొత్తదనమునకు, ఆలోచనకు కలిపి సరిగా సగము. పట్టిక వ్రాసినవారు బుద్ధిమంతులు.

చిక్కంతయు గడియారములో నున్నది. ఒక శాలలో నూరు నమూనాలున్నవనుకొందము. నిర్ణేతలు అయిదు గంటలు విడువక తిరిగినను ఒక్కొక్క బల్లకు వచ్చునది మూడు నిమిషములు. మూడు నిమిషములలో కంటికి కనబడునవి ఏవి? వెలుగు దీపములు, రంగు కాగితములు, గడగడ అప్పగించిన ఉపన్యాసము. సృజనశక్తికి 20 మార్కులని కాగితముపై అచ్చువేయవచ్చును. కాని దానిని కనుగొనుటకు కన్ను చాలదు, చెవి కావలెను, తీరిక కావలెను. అందువలననే అంగడిలో కొనిన సిద్ధపు నమూనాయు, ఇంటి పెద్దలు రాత్రియంతయు మేల్కొని చేసియిచ్చిన నమూనాయు ముందువరుసలో నిలుచుట, బిడ్డ తన చేతులతో అతికిన అట్టపెట్టె వెనుకబడుట తటస్థించుచున్నది. పేద పిల్లలకు ఇందు జరుగు అన్యాయమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందు సొమ్ము ప్రసక్తియు కలదు. ఇన్‌స్పైర్ మానక్ అను పథకము క్రింద కేంద్రప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖవారు, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో కలిసి, ఎన్నికైన ఒక్కొక్క ఆలోచనకు 10,000 రూపాయలు ఇచ్చుచున్నారు. క్రొత్తదనము, సంఘమునకు ఉపయోగము, పరిసరములకు హాని లేకుండుట, వాడుటకు సులువు, ఇప్పుడున్న సాధనములకంటె మేలు: ఇవి వారు చూచు గుణములు. సాధనములను కల్పించు పిల్లలకు ఇది తగిన కొలమానమే. కాని శాస్త్రమనగా సాధనములను చేయుట మాత్రమే కాదు. ఉన్నదానిని సరిగా కొలిచి తెలిసికొనుటయు శాస్త్రమే. 1993లో దేశవ్యాప్తముగా ఆరంభమైన బాలల సైన్స్ కాంగ్రెసు ఈ రెండవ మార్గమునకు చోటిచ్చినది. అందు పిల్లలు జట్టుగా కూడి తమ ఊరి విషయము నొకదానిని తీసికొని పరిశోధింతురు. సామాన్య ప్రదర్శనములలో మాత్రము కొలిచిన బిడ్డకంటె కట్టిన బిడ్డకే గౌరవము హెచ్చు. ఏలయన, కట్టినది బల్లపై నిలుచును. కొలిచినది కాగితములో దాగియుండును.

ఈ మాటను మన ప్రాంతపు విషయములతోనే పరీక్షింతము. పుంగనూరు ఆవును ఇచట ఎరుగనివారు లేరు. సుమారు మూడడుగుల ఎత్తు, వెడల్పైన నుదురు, చిన్న కొమ్ములు గల ఈ పొట్టి జాతి పాలలో వెన్న 8 పాళ్ల వరకు ఉండునని ప్రసిద్ధి. ఒక బాలిక మట్టితో ఆవును చేసి, రంగు వేసి, ప్రక్కన పాలచెంబు నుంచి, ఈ సంగతిని అట్టపై అందముగా వ్రాసినదనుకొందము. చూచువారు ముచ్చటపడుదురు. మరియొక బాలిక బొమ్మ చేయలేదు. తన వీథిలోని పుంగనూరు ఆవుల పాలను, సీమజాతి ఆవుల పాలను పాలకేంద్రమునకు తీసికొనిపోయి, వెన్నశాతము చూపించి, నోటుపుస్తకమున వ్రాసికొనినది. ఈ రెండవ బాలికను నిర్ణేత ఏమడుగవలెను? ఎన్ని ఆవులు? ఉదయపు పాలా, సాయంకాలపు పాలా? పితుకు మొదట పట్టినవా, చివర పట్టినవా? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. పొదుగునుండి వచ్చు మొదటి ధారలలో వెన్న తక్కువగాను, కడపటి ధారలలో మిక్కిలి హెచ్చుగాను ఉండును. ఒక ఆవు మొదటి పాలను మరియొక ఆవు కడపటి పాలతో పోల్చినచో తేలునది జాతిభేదము కాదు, చెంబు పట్టిన వేళయందలి భేదము. "నేను మొదటినుండి చివరవరకు పితికిన పాలను కలియబెట్టి తీసికొంటిని. పుంగనూరు ఆవులు రెండే దొరకినవి, కావున గట్టిగా చెప్పలేను" అని ఆ బిడ్డ అనినచో, ఆమెకు శాస్త్రము అబ్బినదని నేను నమ్ముదును. ఆ "గట్టిగా చెప్పలేను" అను మాటకు ఏ పట్టికలోను మార్కులు లేవు. ఉండవలెను.

కుప్పము సంగతియు ఇట్టిదే. వానమీదను, లోతైన బోరుబావులమీదను ఆధారపడిన నేల యది. 1990 దశకమున ఇజ్రాయెలు దేశపు సాంకేతిక పద్ధతులతో అచట బిందుసేద్యపు క్షేత్రములు వెలసినవి. నేడు పిల్లల ప్రదర్శనములలో బిందుసేద్యపు నమూనా తరచుగా కనబడును: ఒక సీసా, ఆసుపత్రిలో వాడు సన్నని గొట్టము, నాలుగు మొక్కలు. చెడ్డది కాదు, కాని దానివలన బిడ్డ క్రొత్తగా తెలిసికొనినది ఏమియు లేదు. తండ్రి చేనిలోని గొట్టపు మొదట ఒక గిన్నెయు, నడుమ ఒకటియు, కొసను ఒకటియు ఉంచి, అరగంటసేపు పడిన నీటిని కొలిచిన పిల్లవానిని తలచుకొనుడు. కొసను నీరు తక్కువ పడుచున్నదని వాడు కనుగొనెను. రంధ్రములు మట్టితో పూడినవేమోయని శుభ్రము చేసి మరల కొలిచెను. భేదము కొంత తగ్గెను, అంతయు పోలేదు. ఈ పనికి కాసైన వ్యయము కాలేదు. ఫలితము ఆ చేనికి మరునాడే పనికివచ్చును. అయినను ప్రదర్శనశాలలో వాని బల్లపై మూడు ఖాళీ గిన్నెలు తప్ప మరేమియు నుండవు. ఆ గిన్నెలవద్ద నిలిచి అడుగు నిర్ణేత ఉన్ననే వానికి గుర్తింపు.

మదనపల్లె టమాటల సంత దేశమంతట పేరుపొందినది. ధర పడిపోయిన దినములలో రైతులు పండ్లను పారబోయుటను చూచిన పిల్లలు, వానిని ఎండబెట్టి నిలువచేయు ఉపాయములను తెత్తురు. ఇచట అడుగవలసిన ప్రశ్న సులభము: కిలో పండ్లకు ఎంత వరుగు వచ్చినది? టమాటలో నూటికి సుమారు 94 పాళ్లు నీరే. కిలోకు 200 గ్రాములు వచ్చినదని చెప్పిన పిల్లవాని వరుగులో ఇంకను నీరున్నది, అది బూజుపట్టును. తూచిన పిల్లవానికే ఈ సంగతి తెలియును.

అనుకొనిన ఫలితము రానప్పుడు పిల్లలు సిగ్గుపడుదురు. కొందరు అంకెలను దిద్దుదురు కూడ. వారికి మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు చరిత్రను చెప్పవలెను. 1948లో మన దేశమున క్షయనివారణకై బి.సి.జి. టీకా ఆరంభమైనప్పుడు తొలి స్థానములలో మదనపల్లె ఒకటి. ఆరోగ్యవరము క్షయవైద్యశాల వైద్యుడు డాక్టరు జె. ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరులు చుట్టుపట్ల పల్లెలలో టీకా పొందినవారిని, పొందనివారిని ఏండ్ల తరబడి పోల్చి చూచి, 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పత్రికలో ఫలితమును ప్రకటించిరి. టీకావలన కలిగిన రక్షణ ఆశించినంతగా లేకపోయెను. పిమ్మట 1968లో చెంగల్పట్టు ప్రాంతమున మరింత విస్తారముగా ఆరంభమైన పరిశోధన, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేల్చెను. శిశువులకు వచ్చు ప్రమాదకరమైన మెదడుపొరల క్షయనుండి అది కాపాడును గనుక నేటికిని పుట్టిన బిడ్డలకు దానిని వేయుచున్నారు. ఆ వైద్యులు తమ ఆశకు అనుకూలముగ అంకెలను దిద్దియుండినచో ఏమయ్యెడిది? పెద్దలకు లేని రక్షణను ఉన్నదని నమ్మి ప్రజలు మోసపోయియుందురు. ఇంత గొప్ప ఉదాహరణము మన ఊరి ప్రక్కనే యుండగా, అపజయమును వ్రాసిన పిల్లవానిని మనము వట్టి చేతులతో పంపుట వింతగా నున్నది.

ప్రత్యేక బహుమానములు ఇందులకే పనికిరావలెను. అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియా నగరమున ఆరంభమై, నేడు అంతర్జాతీయమైన విద్యార్థి ప్రదర్శనమున ప్రధాన బహుమానములు కాక, వేర్వేరు శాస్త్రసంఘములు తమ తమ దృష్టితో ప్రత్యేక బహుమానములను ఇచ్చును. అచటి విజ్ఞాన ప్రాజెక్టుల కొలమానమున నూటికి 35 పాళ్లు వివరణమునకే. కాని అందు గోడకు తగిలించిన అట్టకు 10 మాత్రమే, విద్యార్థితో మాటలాడి వాని అవగాహనమును తెలిసికొనుటకు 25. మన మండలములలో ప్రత్యేక బహుమానమనగా తరచుగా దాత పేరు చెక్కిన కప్పు. దాతను తప్పుపట్టను, కప్పుపై దాత పేరుతోపాటు కారణము కూడ చెక్కింపుమని వేడుదును. నోటుపుస్తకమును నిజాయితీతో నడపినందుకు ఒకటి, అనుకొనినదానికి విరుద్ధముగ వచ్చిన ఫలితమును దాచక చూపినందుకు ఒకటి, తన ఊరి నీటినో నేలనో పంటనో స్వయముగ కొలిచినందుకు ఒకటి ఉన్నచో నాకు తృప్తి. అపజయమునకు బహుమానమనినచో పిల్లలు అపజయములనే కల్పించుకొని వత్తురని ఒక మిత్రుడు నవ్వెను. దొంగ అపజయమును కల్పించుట నిజమైన జయమును సాధించుటకంటె కష్టమని నా తలపు. తేదీలు, కొట్టివేతలు, సిరా మరకలు సాక్ష్యము చెప్పకపోవు.

బహుమానములే వలదను పక్షము ఒకటి కలదు. అది మదనపల్లెలోనే పుట్టినదనినను తప్పులేదు. 1895లో ఆ ఊర జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, ఒక బిడ్డను మరియొక బిడ్డతో పోల్చుట భయమును పెంచుననియు, బహుమానము నాశించి నేర్చినది నిజమైన విద్య కాదనియు జీవితమంతయు చెప్పెను. సమీపముననున్న ఋషివ్యాలీ పాఠశాల ఆయన భావములతో ఏర్పడినది. ఆ వాదమునందు బలము కలదు, నేను కాదనలేను. అయినను పదివేల రూపాయలు, జిల్లా కేంద్రమునకు ప్రయాణము, సభలో చప్పట్లు, ఇవన్నియు పల్లెబిడ్డకు ఇంకొకచోట దొరకునవి కావు. వానిని తీసివేయుటకంటె, సరియైన పనికి ఇచ్చుట నేటికి మేలని తోచుచున్నది.

కుప్పము చెంత గుడివంకలో 1999లో స్థాపింపబడిన అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరముల విద్యాక్షేత్రము కలదు. వారి సంచార ప్రయోగశాలలు పల్లెపాఠశాలలకు పోవును. తక్కువ ఖర్చుతో చేసిన నమూనాలవద్ద పిల్లలే నిలిచి, వచ్చిన పిల్లలకు బోధించుట వారి పద్ధతులలో ఒకటి. నిర్ణేతలు దీనినుండి ఒక ఉపాయమును గ్రహింపవచ్చును. తుదివరకు మిగిలిన పది నమూనాలవద్దకు వేరొక పాఠశాలలోని ఆరవ తరగతి బిడ్డను పంపి, విని రమ్మని, తానేమి గ్రహించెనో తిరిగి చెప్పుమనవలెను. అప్పగించిన ఉపన్యాసము ఈ పరీక్షకు నిలువదు. అర్థము చేసికొనిన మాట నిలుచును.

కుప్పమున మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియును. ఇంట తమిళమో కన్నడమో మాటలాడి, బడిలో తెలుగు చదువు పిల్లలు అచట ఉందురు. ఆంగ్లమున తడబడిన బిడ్డకు ఆలోచన లేదనుకొనుట పొరపాటు. నిర్ణేతలలో ఒకరికైన ఆ బిడ్డ ఇంటి భాష వచ్చియుండవలెను. మార్కుల పట్టికను ప్రదర్శనమునకు నెలముందే ప్రతి పాఠశాల గోడపై అంటింపవలెను. బహుమానపత్రములను అచ్చువేయించునపుడు పేరునకు క్రింద రెండు పంక్తులు ఖాళీగా విడిచిన చాలును. కారణమును నిర్ణేత తన చేతితో అచట వ్రాయును. బహుమానము రాని పిల్లలకు సైతము అట్టి రెండు పంక్తుల చీటిని ఒక్కొక్కటి ఇచ్చుటకు ఒక దస్తా కాగితముకంటె ఎక్కువ పట్టదు.