పదకొండు నెలల పంతులు: పరాయి చోట బోధనకు నిబద్ధత ఎక్కడి నుంచి రావాలి?

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి నడిపే బడుల్లో గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలు ఉన్నాయి. తెలుగు మాధ్యమమూ ఉంది. తెలుగు రాష్ట్రాలకు ఇంత దూరాన ఒక నగరపాలక సంస్థ తన ఖర్చుతో పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించడం చిన్న విషయం కాదు. నగరానికి ఆగ్నేయాన ఉన్న గోడాదరా, దాని పొరుగున లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలీ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డాయి. వారిలో అధికులు పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పనిని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు. సొంత ఊళ్లో చేనేత కుంగిపోతే సోలాపూర్, భివండీ, సూరత్ వారికి అన్నం పెట్టాయి.

సూరత్‌లో మరమగ్గాలు, సిరిసిల్ల మాటలో చెప్పాలంటే సాంచాలు, పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు నడుస్తాయి. తండ్రి షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్లలు బడికి వెళ్లి ఉంటారు, లేదా నిద్రపోయి ఉంటారు. ఇంటి దగ్గర తల్లి చీరలకు దారాలు కత్తిరించే పనిలోనో రాళ్లు అతికించే పనిలోనో ఉంటుంది. ఇలాంటి ఇళ్లలో హోంవర్కు చూసి పెట్టేవారు అరుదు. చదువు భారమంతా బడి మీద, అంటే ఆ తరగతి గదిలోని సారు మీద, మేడం మీద పడుతుంది. కాబట్టి వచ్చే ఏడాదీ ఆ సారే ఉంటారా అన్నది ఈ కుటుంబాలకు పాలనాపరమైన సందేహం కాదు, పిల్లవాడి చదువు సాగుతుందా ఆగుతుందా అన్న ప్రశ్న.

పుట్టిన చోటు విడిచి వెళ్లి భాష బోధించేవారి పనితీరు మీద ప్రపంచంలో అత్యధికంగా వాదోపవాదాలు జరిగింది ఆంగ్ల ఉపాధ్యాయుల విషయంలో. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి జపాన్, కొరియా, చైనాలకు వెళ్లే యువ పట్టభద్రుల మీద ఆరోపణలు దశాబ్దాలుగా ఒకే తీరున ఉన్నాయి: వారు దేశం చూడటానికి వచ్చారు తప్ప పాఠం చెప్పడానికి రాలేదు, ముందస్తు తయారీ ఉండదు, ఏడాది తిరిగేసరికి సామాను సర్దుకుంటారు. ఆ ఉపాధ్యాయులు చెప్పే ఫిర్యాదులూ అంతే స్థిరంగా ఉన్నాయి. తమను బోధకులుగా కాక ప్రదర్శన వస్తువులుగా చూస్తారనీ, ఎంత కష్టపడినా దాన్ని కొలిచేవారే లేరనీ వారంటారు. గోడాదరాను అర్థం చేసుకోవడానికి ఈ రెండు వాదనలను కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది.

జపాన్ ప్రభుత్వం 1987లో జెట్ అనే పథకాన్ని ఆరంభించింది. మొదటి ఏడాది నాలుగు దేశాల నుంచి 848 మంది వచ్చారు. ఒప్పందం ఏడాదికి ఒకసారి రాసుకుంటారు, గరిష్ఠ పరిమితి ఐదేళ్లు. వచ్చినవారిలో అత్యధికుల హోదా సహాయ ఉపాధ్యాయుడు. తరగతి జపాన్ ఉపాధ్యాయుడిది. విదేశీయుడు పక్కన నిలబడి ఉచ్చారణ వినిపిస్తాడు, ఆటలు ఆడిస్తాడు, సంభాషణ చేయిస్తాడు. పిల్లలు రాయవలసిన ప్రవేశ పరీక్షలో మాత్రం వ్యాకరణానికీ పఠనానికీ ఇచ్చిన ప్రాధాన్యం సంభాషణకు చాలాకాలం దక్కలేదు. తమ పాఠం పరీక్షకు అక్కరకు రాదని పిల్లలకు తెలుసు, తోటి ఉపాధ్యాయుడికీ తెలుసు. ఈ సహాయకులు తమను తాము మనిషి రూపంలోని టేప్ రికార్డర్‌గా చెప్పుకోవడం అక్కడ పరిపాటి. టేప్ రికార్డర్‌గా ఉండమని పిలిచి, దానికి ఉత్సాహం చాలడం లేదని నొచ్చుకోవడంలో ఉన్న వింతను జపాన్ విద్యాధికారులు గమనించకపోలేదు. కానీ ఆ పథకం ఉద్దేశాల్లో దేశాల మధ్య పరిచయం పెంచడం కూడా ఒకటి గనుక, అది ఆ మేరకు నెరవేరుతున్నదని సరిపెట్టుకున్నారు.

దక్షిణ కొరియా కథలో మన ప్రస్తావన కూడా వస్తుంది. అక్కడ భాషా బోధకుల వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ప్రధానంగా దక్కుతుంది. ఏ విషయంలో పట్టా ఉన్నా సరే, పాస్‌పోర్టు ఆ ఏడు దేశాల్లో ఒకదానిది అయితే వీసాకు అర్హత వస్తుంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం భారతీయులకూ సహాయ ఆంగ్ల ఉపాధ్యాయులుగా తలుపు తెరిచింది. అయితే మనవారికి ఆంగ్లంలో పట్టాతో పాటు బోధనార్హత కూడా ఉండాలి. అంటే వృత్తి నేర్చుకుని రావలసింది మనవారు. పుట్టుకతో అర్హులు వారు. ఇలా ఎంచుకున్న తరువాత వృత్తి నిబద్ధత లోపించిందని వగచడం ఎందుకో బోధపడదు. ఆంగ్ల సాహిత్యం ప్రత్యేకాంశంగా ఎం.ఏ. చదివి, ఉచ్చారణ సరిగా లేదన్న మాట ఇంటర్వ్యూ గదుల్లో విన్న మా తరం వారికి ఈ తేడా కొత్తది కాదు.

తెలుగువారు బోధకులుగా విదేశాలకు వెళ్లడం కూడా పాత సంగతే. ఇథియోపియాలో సెకండరీ నుంచి పైచదువుల దాకా ఆంగ్లమే మాధ్యమం. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే అక్కడి బడుల్లో భారతీయ ఉపాధ్యాయులు పనిచేశారు. ఆ దేశం కొత్త విశ్వవిద్యాలయాలను పెద్ద ఎత్తున తెరిచినప్పుడు ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లిన అధ్యాపకులూ అందులో ఉన్నారు. అమెరికా ప్రభుత్వ బడులు ఉపాధ్యాయుల కొరతతో విదేశీయులను తీసుకునే పద్ధతిలో జె-1 వీసా గడువు మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు. ఆ తరువాత ఎంత బాగా చెప్పినా ఇంటికి రావలసిందే. హెచ్-1బి దారిన పిలిపించుకోవాలనుకునే పాఠశాల జిల్లాలకు 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై విధించిన లక్ష డాలర్ల రుసుము అడ్డు నిలిచింది. చైనా 2021లో ట్యూషన్ వ్యాపారాన్ని కట్టడి చేస్తూ విదేశాల్లో ఉన్న బోధకుల ఆన్‌లైన్ పాఠాలను నిషేధించినప్పుడు ఎందరి జీవనాధారమో కొద్ది వారాల్లో కూలిపోయింది. వీరెవరి ఉద్యోగమూ వారి పనితీరు వల్ల నిలవలేదు, పనితీరు వల్ల పోలేదు కూడా. ఉద్యోగికీ ఉద్యోగానికీ మధ్య ఆ తాడే తెగిపోయిన చోట శ్రద్ధ అనేది పూర్తిగా వ్యక్తి మంచితనానికి వదిలేసిన వస్తువు అవుతుంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలు తెలుగు నేల మీదే ఉన్నాయి. ఆంగ్లేయుడైన రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి, 1843లో మచిలీపట్నంలో బడి పెట్టి, 1865లో అక్కడే కన్నుమూసే దాకా స్వదేశం వెళ్లలేదు. ఆయన ఉద్దేశాల్లో మతప్రచారం ఉంది, దాని మీద ఆ పట్టణంలో అలజడి రేగింది, అది వేరే చర్చ. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ సంగతి మన అంశానికి ఇంకా దగ్గరిది. 1915లో భారత్ వచ్చిన ఆయన, మరుసటి ఏడాది ఐర్లండ్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి న్యూ ఇండియా పత్రిక కొలువు పోగొట్టుకున్నారు. అనీబెసెంట్ ఆయనను మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపారు. 1919 ఫిబ్రవరిలో టాగూరు ఆ కళాశాలకు వచ్చి ‘జనగణమన’ను ఆంగ్లంలోకి మార్చింది కజిన్స్ దంపతుల ఆతిథ్యంలోనే. అదే ఏడాది ఆయన టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆంగ్లం బోధించడానికి వెళ్లి, ఏడాది లోపే వెనుదిరిగారు. మదనపల్లెకు మాత్రం మళ్లీ వచ్చి, కొంతకాలం ప్రిన్సిపాల్‌గానూ ఉన్నారు. మదనపల్లె జీతం టోక్యో జీతం కన్నా గొప్పదని ఎవరూ అనుకోరు. కానీ ఇక్కడ ఆయన చేతిలో ఒక కళాశాల ఉంది, పిల్లలతో నాటకాలు, పాటలు, చిత్రకళ ఉన్నాయి, చెప్పిన మాట చెల్లే చోటు ఉంది.

అలాగని శాశ్వత ఉద్యోగం ఇస్తే నిబద్ధత దానంతట అదే వస్తుందని చెప్పడం కూడా సత్యానికి దూరం. 2003లో ముందు చెప్పకుండా వెళ్లి చేసిన జాతీయ తనిఖీ అధ్యయనంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల్లో 25 శాతం మంది బడిలో కనిపించలేదు. ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగాలు అంతర్జాతీయంగా పేరుపొందాయి. వంద బడులకు అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి చూశారు. వారి జీతం రెగ్యులర్ ఉపాధ్యాయుల జీతంలో సుమారు ఐదో వంతు. అయినా వారి గైర్హాజరు తక్కువ, ఆ బడుల్లో పిల్లల మార్కులు పెరిగాయి. ఈ ఫలితాన్ని చూసి ఒప్పంద ఉద్యోగమే మేలని తీర్మానించినవారు లేకపోలేదు. వారు సాధారణంగా చదవకుండా దాటేసే వివరం ఒకటుంది. ఆ ఒప్పంద ఉపాధ్యాయుల్లో ఎక్కువ మంది అదే ఊరివారు, లేదా పక్క ఊరివారు. పిల్లవాడి తండ్రి వారికి రోజూ ఎదురుపడతాడు. ఆ ఎదురుపడటం ఏ ఒప్పంద పత్రంలోనూ ఉండదు.

అమెరికాలో 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి గురువులు వారాంతాల్లో జీతం లేకుండా తెలుగు చెప్పడంలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. వారిలో ఎక్కువమంది పిల్లల తల్లిదండ్రులే.

ఇప్పుడు గుజరాత్ సంగతి. ఆ రాష్ట్రంలో ఖాళీలను తాత్కాలికంగా నింపడానికి తీసుకునేవారిని చాలా ఏళ్లు ‘ప్రవాసీ శిక్షక్’ అని పిలిచారు. సొంత రాష్ట్రంలో, తరచుగా సొంత జిల్లాలో పాఠం చెప్పే మనిషికి ప్రభుత్వమే ప్రవాసి అని పేరు పెట్టిందన్నమాట. 2023లో దాని స్థానంలో ‘జ్ఞాన్ సహాయక్’ వచ్చింది. 11 నెలల ఒప్పందం. నెలకు ప్రాథమిక స్థాయిలో 21,000, సెకండరీలో 24,000, హయ్యర్ సెకండరీలో 26,000 రూపాయలు. అర్హత పరీక్షలు నెగ్గిన అభ్యర్థులు గాంధీనగర్ వీధుల్లో నిరసన తెలిపారు. 2024లో ప్రభుత్వం 24 వేలకు పైగా శాశ్వత నియామకాలు ప్రకటించింది. తెలంగాణలో విద్యా వాలంటీర్ల అనుభవం తెలిసినవారికి ఈ వరుస సుపరిచితమే.

గుజరాతీ మాధ్యమంలో ఒక పంతులు వెళ్లిపోతే ఆ రాష్ట్రంలోనే ఇంకొకరు దొరుకుతారు. తెలుగు మాధ్యమంలో అలా దొరకరు. బోధనార్హత ఉండాలి, తెలుగు చదవడం రాయడం రావాలి, సూరత్ కార్యాలయాల్లో నెగ్గుకురావడానికి గుజరాతీ తెలియాలి. ఈ మూడూ ఉన్నవారు తెలంగాణ నుంచి రావాలి, లేదా సాంచాల వాడల్లోనే పుట్టి పెరిగి ఉండాలి. మొదటి రకం వారికి సొంత రాష్ట్రంలో డీఎస్సీ ప్రకటన వెలువడిన రోజు నుంచి మనసు ఇక్కడ ఉండదు. అది తప్పని కూడా అనలేం. రెండో రకం వారే ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలోని పక్కింటి పంతులు లాంటివారు. గోడాదరాలో అద్దె ఇంట్లో పుట్టి, తెలుగు బడిలో చదివి, డిగ్రీ దాకా వెళ్లిన అమ్మాయిని ఉపాధ్యాయ శిక్షణకు పంపి, ఆ కొలువు ఆమెకు నిలిచేలా చూడటం నగరపాలక సంస్థకు మోయలేని ఖర్చు కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956 నాటి ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం రాష్ట్రాలతో పాటు స్థానిక సంస్థలకూ చెబుతోంది.

ఇందులో తెలుగు సంఘాల పాత్రనూ ప్రశ్నించాలి. బతుకమ్మ, మార్కండేయ జయంతి ఉత్సవాలకు కదిలే జనం తెలుగు బడి సమావేశానికి కదలరు. స్తోమత కొద్దిగా పెరగగానే పిల్లవాణ్ణి ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో వేస్తారు. తల్లిదండ్రుల ఎంపికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, పైగా దాని వెనుక సాంచా నుంచి కొడుకును తప్పించాలన్న తపన ఉంది. అయితే ఆ ప్రైవేటు బడిలో ఆంగ్లం చెప్పే ఉపాధ్యాయుల కొలువు కూడా భద్రమైనదేనా అని ఎంతమంది విచారిస్తున్నారు? వదిలి వచ్చిన బడిలోని జబ్బే చేరిన బడిలోనూ ఉండవచ్చు, ఫీజు మాత్రం అదనం.

ఉపాధ్యాయుల బాధ్యత కూడా తీసివేయదగినది కాదు. ఒప్పందం ఏడాదిదే అయినా ఆ ఏడాది పిల్లవాడికి రెండోసారి రాదు. జపాన్ వెళ్లినవారిలోనూ స్థానిక భాష నేర్చుకుని, ఐదేళ్లూ పూర్తిచేసి, అక్కడే స్థిరపడినవారున్నారు; ఆరు నెలలకే విసిగి వెళ్లినవారూ ఉన్నారు. ఇద్దరికీ ఉద్యోగ నిబంధనలు ఒకటే. వ్యవస్థను వేలెత్తి చూపడం మొదటివారి శ్రమను తక్కువ చేయకూడదు.

2023 ఫిబ్రవరి 28న గుజరాత్ శాసనసభ ఏకగ్రీవంగా ఆమోదించిన చట్టం ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు అన్ని మాధ్యమాల బడుల్లో గుజరాతీ తప్పనిసరి. ఉల్లంఘించిన బడులకు జరిమానా 50,000 రూపాయలతో మొదలై రెండు లక్షల దాకా వెళుతుంది. గుజరాత్‌లో బతకవలసిన పిల్లలకు ఆ భాష రావడం అవసరమే. దీనివల్ల తెలుగు బడిలో ఒక కొత్త పరిస్థితి ఏర్పడింది. ఇప్పుడు అక్కడికి వచ్చే గుజరాతీ ఉపాధ్యాయుడు, సొంత ఊళ్లోనే ఉంటూ, తన భాష ఇంట్లో వినబడని పిల్లలకు దాన్ని మొదటి నుంచి నేర్పాలి. కొరియాకు వెళ్లిన ఆంగ్ల ఉపాధ్యాయుడి పనికీ దీనికీ తేడా తక్కువ. అందుకు ఆయనకు వేరే శిక్షణ కావాలి, పిల్లల తెలుగు నాలుగు మాటలైనా తెలియాలి, అన్నిటికన్నా ముందు ఆ పిల్లలతో రెండు మూడేళ్లు గడపాలి. గుజరాత్‌లో బడులు జూన్‌లో తెరుచుకుంటాయి. 11 నెలల ఒప్పందమే దారి అయితే, పోయిన ఏడాది అక్షరాలు దిద్దించిన సారు ఆ రోజు తరగతిలో ఉంటారో లేదో పిల్లలకే కాదు, ఆ సారుకూ తెలిసే వీలు లేదు.