కొయ్యకొండకి ఉక్కు పట్టాలు

1977లో హాలీవుడ్ నుంచి 'రోలర్ కోస్టర్' అనే సినిమా వచ్చింది. జార్జి సీగల్ హీరో, టిమోతీ బాటమ్స్ విలన్. విలన్‌గారి పనల్లా ఒక్కటే... ఎమ్యూజ్‌మెంట్ పార్కుల్లో రోలర్ కోస్టర్లకి బాంబులు పెట్టి, డబ్బిస్తారా చస్తారా అని యజమానుల్ని బెదిరించడం! సినిమా మొదట్లోనే ఒక బండి పట్టాలు తప్పి గాల్లోకెగిరి నేలకూలుతుంది. కుర్చీలు సైతం అదిరేలా హాల్లో 'సెన్సరౌండ్' అనే ప్రత్యేక శబ్ద పద్ధతి కూడా పెట్టారు. జనం కెవ్వుమన్నారు. అయితే ఆ షాట్లో కింద పడినవి బొమ్మలు సుమండీ!

ఆ సినిమా క్లైమాక్స్ తీసింది కాలిఫోర్నియాలో, లాస్ ఏంజిలిస్‌కి ఉత్తరాన వెలన్సియాలో వున్న మేజిక్ మౌంటెన్ అనే పార్కులో. సరిగ్గా మరుసటి సంవత్సరం, 1978 జూన్ 29న, అదే పార్కులో 'కొలోసస్' అనే కొత్త రోలర్ కోస్టర్‌ని ప్రారంభించారు. ఆర్నెల్లు తిరిగేసరికి, డిసెంబరులో, దాని మీంచి ఇరవై యేళ్ల యువతి ఒకరు జారిపడి చనిపోయారు. ఈసారి బొమ్మ కాదు. 'కట్' చెప్పడానికి డైరెక్టరూ లేడు.

ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ కొలోసస్ కథే. పుట్టింది 1978లో, విప్పేసింది 2014లో, మళ్లీ కట్టింది 2015లో. మన భాషలో చెప్పాలంటే సూపర్‌హిట్ పాత సినిమాని అదే సెట్టుమీద, కొత్త స్క్రీన్‌ప్లేతో తిరిగి తీయడం లాంటిదన్నమాట.

ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ ఎక్కినవాళ్లకి పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో ఖాళీ అయినట్టుండటం అనుభవమే కదా! కొలోసస్ ముందు అది ఉయ్యాల తొట్టి. ఎత్తు 125 అడుగులు. మొదటి దిగుడు 115 అడుగులు. వేగం గంటకి 62 మైళ్లు. మొత్తం దారి పొడవు 4,325 అడుగులు. అదంతా కొయ్య! తెల్లరంగు వేసిన గుంజలూ, దూలాలూ అడవిలా అల్లుకుపోయి వుండేవి. పైన ఒకటి కాదు, రెండు దారులు పక్కపక్కనే. రెండు బండ్లు ఒకేసారి బయలుదేరి పందెం వేసుకునేవి. ఆనాటికి ప్రపంచంలో కెల్లా ఎత్తయిన, వేగమయిన కొయ్య రోలర్ కోస్టర్ ఇదేనని పార్కు వారు దండోరా వేయించుకున్నారు.

ఇంతటి గ్లామరున్నదాన్ని సినిమావాళ్లు వదుల్తారా? 1978లోనే 'కిస్' అనే రాక్ సంగీత బృందం తమ టీవీ సినిమాని ఈ పార్కులో తీసింది. 1983లో వచ్చిన 'నేషనల్ లాంపూన్స్ వెకేషన్' అయితే చెప్పక్కర్లేదు. చెవీ ఛేజ్ పెళ్లాం పిల్లల్ని కారులో కుక్కి దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి తీసుకెళ్తాడు, ఓ పేరుమోసిన పార్కు చూపిద్దామని. తీరా వెళితే అది మరమ్మతుల కోసం మూసి వుంటుంది! ఒళ్లు మండిన ఛేజ్ బొమ్మ పిస్తోలుతో కాపలావాణ్ణి బెదిరించి, కుటుంబమంతటినీ రోలర్ కోస్టర్ ఎక్కించేస్తాడు. తెర మీద ఆ పార్కుగా నటించింది మేజిక్ మౌంటెనే. ఆ తర్వాత 1991లో మొదలైన 'స్టెప్ బై స్టెప్' అనే టీవీ సీరియల్ టైటిల్స్‌లోనూ కొలోసస్సే కనిపిస్తుంది. అందులో తమాషా ఏమిటంటే పార్కు పక్కనున్న కార్ల స్థలాన్ని ట్రిక్ ఫోటోగ్రఫీతో మాయంచేసి, అక్కడ నీళ్లు వచ్చినట్టు చూపించారు. మన అవుట్‌డోర్ యూనిట్ల వాళ్లకి ఇలాంటివి వెన్నతో పెట్టిన విద్య కాబట్టి మీకు ఆశ్చర్యం వుండదు లెండి.

తెర మీద నవ్వులు, కేకలు సరే. తెర వెనక సంగతేమిటి?

కొయ్య రోలర్ కోస్టర్‌లో పట్టా అంటే రైలుపట్టాలాంటి ఉక్కుదిమ్మ కాదు. చెక్కల్ని పొరలు పొరలుగా పేర్చి, బోల్టులు బిగించి, పైన సన్నటి ఉక్కు బద్దీ పరుస్తారు. ఆ బద్దీ మీద చక్రాలు దొర్లుతాయి. బండి పక్కలకి జారిపోకుండా పక్క చక్రాలు, గాల్లోకి లేచిపోకుండా పట్టా కిందనుంచి పట్టుకునే అడుగు చక్రాలు వేరే వుంటాయి. ఈ అడుగు చక్రాల పద్ధతికి 1919లో పేటెంటు పుచ్చుకున్నది జాన్ మిల్లర్ అనే అమెరికన్ ఇంజనీరు. అప్పటినుంచే కొండలు ఎత్తుకెదిగాయి, దిగుళ్లు నిటారయ్యాయి.

కొయ్యకో గుణముంది. ఎండకి ఆరుతుంది, వానకి ఉబ్బుతుంది. రోజంతా బరువైన బండ్లు దడదడలాడిస్తూ పోతుంటే బోల్టులు వదులవుతాయి. అందుకే తెల్లవారుజామున, జనం రాకముందే, పనివాళ్లు స్పానర్లు పట్టుకుని పట్టా వెంబడే నడుస్తారు. 125 అడుగుల పైకి! ఏ బోల్టు వదులైందో, ఏ చెక్క చీలిందో చూసి బిగించడం, మార్చడం. ఇలా ఏళ్లతరబడి మార్చగా మార్చగా చివరికి మొదట వేసిన చెక్క ఎంత మిగిలి వుంటుందో మీరే ఊహించుకోండి. మన తేరు సంగతీ అంతే కదా... ఇవాళ ఇరుసు, రేపు చక్రం.

1978 నాటి ప్రమాదం తర్వాత కొలోసస్‌ని కొంతకాలం మూసి, ఎత్తుపల్లాల రూపు మార్చారు. 1991లో మరో చోట జంట దిగుళ్లు తీసేసి బ్రేకులు పెట్టారు. రక్షణ పెరిగింది. కానీ అభిమానుల గొణుగుడు కూడా పెరిగింది. "మజా తగ్గింది, కుదుపు మిగిలింది" అనేది వాళ్ల బాధ. ముసలితనంలో అదే చిక్కు! కడుపులో పుట్టాల్సిన గుబులు వెళ్లి నడుంనొప్పిగా మారింది. ఎక్కినవాడు "ఇంకోసారి!" అనాల్సింది పోయి "అమ్మయ్య!" అంటున్నాడు.

అక్కడ పార్కు వారి ముందు రెండు దారులున్నాయి. ఒకటి కూల్చెయ్యడం. ఆ ముచ్చటా సినిమావాళ్లు ఇంతకుముందే చూపించారు. 'రోలర్ కోస్టర్' సినిమా మొదట్లో బండి పట్టాలు తప్పే సీను తీసింది వర్జీనియా రాష్ట్రంలో, నార్ఫోక్ ఊళ్లోని ఓషన్ వ్యూ పార్కులో. అక్కడ 'రాకెట్' అనే పాత కొయ్య రోలర్ కోస్టర్ వుండేది. 1978లో పార్కు మూతపడింది. దాని అంత్యక్రియలూ సినిమా షూటింగే అయ్యాయి! 1979లో ప్రసారమైన ఓ టీవీ సినిమా కోసం దాన్ని మందుపాతర్లతో పేల్చారు. ఆ మొండిఘటం మొదట్లో పడనని కూచుంటే, పట్టుబట్టి పడగొట్టాల్సొచ్చింది. తెర మీద కొన్ని క్షణాల మెరుపు. అంతే, మళ్లీ దానిమీద ఎవరూ ఎక్కలేదు.

రెండో దారి కష్టమైంది. బాగున్నది వుంచి, పనికిరానిది విప్పి, మళ్లీ కట్టడం. మేజిక్ మౌంటెన్ ఈ రెండోదే ఎంచుకుంది. 2014 ఆగస్టులో కొలోసస్ ఆఖరి పరుగు తీసింది. పని అప్పజెప్పింది ఐడహో రాష్ట్రానికి చెందిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అనే కంపెనీకి. వీళ్ల కిటుకు ఏమిటంటే పాత కొయ్య అస్థిపంజరాన్ని వీలైనంత వుంచేసి, పై పట్టాని మాత్రం పూర్తిగా ఉక్కుతో కొత్తగా వేస్తారు. ఉక్కు కాబట్టి ఎటు కావాలంటే అటు వంచొచ్చు, మెలిపెట్టొచ్చు, ఆఖరికి తలకిందులు కూడా చెయ్యొచ్చు. ఉబ్బడం, చీలడం వుండదు. రోజూ పరీక్షించక తప్పదనుకోండి, అది వేరే సంగతి.

పని మొదలైందో లేదో... 2014 సెప్టెంబరు 8న కొండ శిఖరం దగ్గర మంటలు! విప్పే పని నడుస్తుండగానే అంటుకున్నాయి. ఎండిన కొయ్య కదా, చూస్తుండగానే పైభాగం కొంత కాలి కూలిపోయింది. అగ్నిమాపక దళం వచ్చి ఆర్పింది. సినిమా అయితే ఇంటర్వెల్ కార్డు ఇక్కడే పడేది. అయినా పని ఆగలేదు. తొమ్మిది నెలలు తిరక్కుండా, 2015 మేలో, 'ట్విస్టెడ్ కొలోసస్' అన్న కొత్త పేరుతో మళ్లీ జనం ముందుకొచ్చింది.

ఇప్పుడు లెక్కలు చూడండి. ఎత్తు 121 అడుగులు. అంటే పాతదానికంటే నాలుగడుగులు తక్కువే! వేగం గంటకి 57 మైళ్లు. అదీ తక్కువే! మరి గొప్పేమిటి? మొదటి దిగుడు 80 డిగ్రీలు... దాదాపు గోడ మీంచి దిగినట్టే. ఇదివరకు విడివిడిగా వున్న రెండు దారుల్నీ కలిపి దగ్గర దగ్గర 5,000 అడుగుల ఒకే దారి చేశారు. ఎక్కినవాళ్లు ఆ కొండని రెండుసార్లు ఎక్కుతారు, రెండుసార్లు దిగుతారు. ముందు బండి రెండో చుట్టులో వుండగా వెనక బండి మొదటి చుట్టు మొదలుపెడితే, పాతకాలపు పందెమే మళ్లీ! ఒకచోట రెండు బండ్లూ ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి. చెయ్యి చాపితే అవతలి బండివాడి చేతికి తగుల్తుందేమో అనిపిస్తుంది. తగలదు. తగలకుండా కొలిచి కట్టారు. ఇంకోచోట బండి తలకిందులై, కదలనట్టుగా కాసేపు గాల్లో వేళ్లాడుతుంది.

ఇక్కడే మనం నేర్చుకోవాల్సిన పాఠముంది మిత్రులారా! అంకెలు తగ్గినా థ్రిల్లు పెరిగింది. బడ్జెట్ తగ్గించి స్క్రీన్‌ప్లే బిగిస్తే సినిమా ఆడినట్టు. భయమనేది ఎత్తులో లేదు, మనకి అది అందించే పద్ధతిలో వుంది. ఫైట్‌మాస్టరుకి తెలిసిన రహస్యమే ఇది. అద్దాలు పగిలినట్టుండాలి, ఎవరికీ గీసుకోకూడదు. పదో అంతస్తు నుంచి దూకినట్టుండాలి, కింద అట్టపెట్టెలు వుండాలి. ప్రేక్షకుడికి భయం అమ్మొచ్చు. ప్రమాదం మాత్రం అమ్మకూడదు. ముసలి రోలర్ కోస్టర్‌లో ఈ రెంటి మధ్యా గీత చెరిగిపోతూ వస్తుంది. కిర్రుమన్నది ఉత్త చప్పుడో, నిజంగానే ఏదైనా వదులైందో ఎక్కినవాడికి తెలీదు. విప్పి మళ్లీ కట్టడమంటే ఆ గీతని మళ్లీ స్పష్టంగా గియ్యడమే.

కానీ కొత్తగా కట్టినంత మాత్రాన అంతా శుభం కార్డేనా? కాదు. ఇదే కంపెనీ ఈ ఉక్కు పట్టా కిటుకుని మొట్టమొదట వాడింది టెక్సాస్‌లో, 1990 నాటి 'టెక్సాస్ జెయింట్' మీద. 2011లో అది 'న్యూ టెక్సాస్ జెయింట్'గా తిరిగొచ్చింది. అభిమానులు ఆహా ఓహో అన్నారు. 2013 జూలైలో దాని మీంచి ఒక మహిళ పడిపోయి మరణించారు. పట్టా విరగలేదు, బండి పక్కకి పడలేదు. సీట్లోంచి మనిషే జారిపోయారు. దాంతో మూసేసి, ఒడి మీదికి దిగే కమ్మీల్ని సవరించి, వాటికి తోడు నడుముకి బెల్టులు చేర్చి, సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. చూశారా, 1978లో జరిగినదీ, 2013లో జరిగినదీ మధ్య ముప్పై అయిదేళ్ల దూరం. పోయిన ప్రాణాల కథ మాత్రం ఒక్కటే... కొండ నిలబడింది, మనిషి నిలవలేదు. ఎంతటి ఇంజనీరైనా చివరికి చూడాల్సింది ఒడి మీది ఆ చిన్న కమ్మీనే. అన్ని రకాల ఒళ్లకీ అది సరిపోతోందా, లేదా?

పాత కొలోసస్ వీరాభిమానులు కొందరు "పందెం బండ్లు రెండూ ఒకేసారి బయలుదేరే ఆ అందం పోయింది, కొయ్య చప్పుడు పోయింది, ఇది మా కొలోసస్ కాదు" అంటుంటారు. వాళ్ల బాధ కొట్టిపారేసేది కాదు. 1957 నాటి 'మాయాబజార్'ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు మన ఇళ్లలోనూ ఇలాంటి వాదనే నడిచింది కదా! అయితే ఒక తేడా వుంది. పాత సినిమా మనసుకి నచ్చకపోతే పాత ప్రింటు చూసుకోవచ్చు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. మనిషిని కూచోబెట్టి నూరడుగుల పైనుంచి జారవిడిచేదానికి జ్ఞాపకాలకంటే బోల్టులు ముఖ్యం. ఆ తెల్లటి గుంజలు చాలా వరకు అలాగే వున్నాయి, పందెం కూడా మరో రూపంలో మిగిలింది. అంతకంటే ఎక్కువ అడగడం అత్యాశేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

పోతే, చివరగా ఒక్క మాట. మీరు అమెరికా వెళ్లినా, మన ఊరి ఎగ్జిబిషన్‌కెళ్లినా సరే, ఇలాంటివి ఎక్కేటప్పుడు కమ్మీ సరిగ్గా పడిందో లేదో చేత్తో లాగి చూసుకోండి. అనుమానమొస్తే నిర్మొహమాటంగా చెయ్యెత్తి పిలవండి. పక్కనున్న ఫ్రెండ్సు నవ్వితే నవ్వనివ్వండి. బండి కదలకముందు దిగిపోయినవాణ్ణి ఎవరూ పిరికివాడనరు... అన్నా, ఇంటికొచ్చి ఆ మాట విని నవ్వుకోడానికి వాడుంటాడు.

వచ్చే వారం మరో ముచ్చటతో కలుద్దాం. అంతవరకూ సెలవ్!