పచ్చరంగు పరమార్థం కాదు

ఆటోమేటెడ్ టెస్టు ఎర్రబడగానే దాన్ని ఎలాగైనా పచ్చగా మార్చాలన్న తొందర సాఫ్టువేరు రాసేవారిలో చాలామందికి ఉంటుంది. డిపెండెన్సీ ఇంజెక్షను ఎర్రర్ల విషయంలో అది మరీ ఎక్కువ. తర్కంలో తప్పేమీ లేదు, అమరికలో ఏదో తగ్గింది, తగిలిస్తే సరి అన్న ధీమాయే ఇందుకు కారణం. నా దృష్టిలో ఈ ఎర్రర్లు తరచుగా అమరికను గురించి కాక, ప్రోగ్రాము నిర్మాణాన్ని గురించి మాట్లాడతాయి.

ఒక క్లాసు తనకు కావలసిన వస్తువులను తానే తయారుచేసుకోకుండా బయటినుండి అందుకోవడమే డిపెండెన్సీ ఇంజెక్షను. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. పరీక్షించేటప్పుడు అసలు వస్తువు స్థానంలో నకలును పెట్టగలగడం దీని ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి. పరీక్షను సులభం చేయవలసిన పద్ధతే పరీక్షకు అడ్డు తగులుతున్నదంటే, కాస్త ఆగి కారణం వెతకాలి.

జావాలో స్ప్రింగ్ బూట్‌నే తీసుకుందాం. బిల్లులు ఇచ్చే కంట్రోలరును ‘వెబ్ ఎంవీసీ టెస్ట్’తో పరీక్షిస్తున్నామనుకోండి. అది వెబ్ పొరను మాత్రమే లేపుతుంది, సర్వీసులను తీసుకురాదు. కనుక ‘నో సచ్ బీన్ డెఫినిషన్’ అన్న ఎర్రరు రావడం సహజమే. ఆ పొడవాటి సందేశంలో చివరి ‘కాజ్డ్ బై’ వరుస చదివితే ఏది దొరకలేదో తెలుస్తుంది. ఆ ఒక్క సర్వీసుకు నకలు ఇచ్చి, అది ఏమి జవాబివ్వాలో చెబితే చాలు.

సాధారణంగా జరిగేది వేరు. ‘స్ప్రింగ్ బూట్ టెస్ట్’ పెట్టి అప్లికేషను మొత్తాన్ని లేపుతారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం వంటిదే ఇది. కొందరు ఆ వస్తువు తప్పనిసరి కాదని రాసేస్తారు. అప్పుడు ఎర్రరు పోదు, నల్ రూపంలో మరోచోట తేలుతుంది. మరికొందరు అందిన ప్రతిదానికీ మాకిటో నకలు తగిలిస్తారు. ఏమీ చెప్పని నకలును పూర్ణసంఖ్య అడిగితే సున్నా ఇస్తుంది. పన్ను లెక్కించే క్లాసుకే అటువంటి నకలు పెడితే, పన్ను లెక్క అసలు జరగనే లేదన్న సంగతి ఆ పచ్చరంగు చెప్పదు. కొన్నవాడి చేతిలోని బిల్లు చెబుతుంది.

గడువు తరుముతుంటే ఇన్ని ఆలోచనలకు తీరికెక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిమిషంలో తగిలించిన అతుకు ఆ తరువాత ప్రతి మార్పులోనూ సమయం తింటుంది. రెండు క్లాసులు ఒకదానికొకటి కావాలని పట్టుబట్టే వలయాలను స్ప్రింగ్ బూట్ 2021లో వచ్చిన 2.6 నుండి మామూలుగా అనుమతించడం లేదు. ఒక్క సెట్టింగుతో ఆ నిషేధాన్ని తొలగించవచ్చు. తొలగించినంత మాత్రాన వలయం విడిపోదు.

కావలసినవన్నీ కన్‌స్ట్రక్టరులోనే అడగమని క్లాసుకు నేర్పితే, చాలా టెస్టులకు కంటెయినరు అవసరమే ఉండదు. ఒక క్లాసును పరీక్షించడానికి ఎనిమిది నకళ్ళు కావలసి వస్తే, దిద్దవలసింది టెస్టును కాదు, ఆ క్లాసును.