గంటకింత అన్నవాడిని నమ్మకండి

ఇల్లు మారాలనుకోగానే మూవర్స్‌కి ఫోన్ చేసి మనం అడిగే మొదటి ప్రశ్న "గంటకెంత?" అని. అవతలివాడు ఎదురుచూసేది కూడా ఆ ప్రశ్న కోసమే. "ఇద్దరు మనుషులు, ట్రక్కు, గంటకు ఇన్ని డాలర్లు" అని ఠక్కున చెప్పేస్తాడు. ఎన్ని గంటలు? గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? వాడు చెప్పడు, మనం అడగం. సామానంతా దిగి, మంచాలు బిగించాక బిల్లు చేతికొస్తుంది. అందులో 'డబుల్ డ్రైవ్ టైమ్' అన్న వరుస చూసి గుండె గుభేలుమంటుంది. ఇక మొదలు: మోసం, దగా, నిలువుదోపిడీ!

కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట సూటిగా చెప్పాలి. ఆ రెట్టింపు మోసం కాదు, నిబంధన. ఆ రాష్ట్రంలో 100 మైళ్ల లోపు ఇల్లు మారితే గంటల లెక్కన వసూలు చేస్తారు. సామాను ఎక్కించడానికి పట్టిన సమయం, దించడానికి పట్టిన సమయం, వాటికి తోడు పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి పట్టిన ప్రయాణ సమయానికి రెట్టింపు. అందుకు బదులుగా కంపెనీ యార్డు నుంచి మీ పాత ఇంటికి రావడానికి, కొత్త ఇంటి నుంచి యార్డుకు తిరిగి వెళ్లడానికి పట్టే సమయాన్ని మీ నెత్తిన రుద్దకూడదు. వాడి యార్డు పక్క వీధిలో ఉన్నా, పక్క జిల్లాలో ఉన్నా మీకు సంబంధం లేదు.

ఈ నిబంధన లేనిచోట ఏం జరుగుతుందో చూడండి. ట్రక్కు యార్డు గేటు దాటిన క్షణం నుంచి మళ్లీ అదే గేటులోకి వెళ్లే క్షణం దాకా మీటరు తిప్పే కంపెనీలున్నాయి. ఆ గేటు ఎక్కడుందో మీకు తెలియదు. దారిలో డీజిల్ కోసం ఆగాడో, దారి తప్పాడో తెలియదు. రెట్టింపు లెక్కలో కనీసం ఆ దూరం మీ కళ్లముందుంటుంది, ఫోన్‌లో మ్యాప్ తెరిచి సరిచూసుకోవచ్చు. కనబడే దూరాన్ని తిట్టిపోసి, కనబడని యార్డు మాట ఎత్తకపోవడం ఏ లెక్క?

"ట్రక్కులో కూర్చున్నందుకు కూడా డబ్బులివ్వాలా?" అని వెటకారం చేసేవాళ్లకు ఇంకో మాట. మన ఇంజనీర్లను కంపెనీ పనిమీద వేరే ఊరు పంపితే విమానం టికెట్టు, హోటలు, భోజనం, అన్నీ కంపెనీయే భరించాలి. రూపాయి తగ్గితే మెయిళ్ల మీద మెయిళ్లు పెడతాం. మన బీరువా భుజాన మోసి మెట్లు దిగిన మనిషికి మాత్రం దారి పొడవునా కూలి ఉండకూడదా? ఇరుకు క్యాబిన్‌లో కూర్చుని మన ఇంటికి వచ్చేవాడు విహారయాత్రకు రావడం లేదు. ఆ సమయం అతని పని సమయమే.

మరి నా కోపం దేనిమీద? హద్దూ పద్దూ లేని ధర మీద. లెక్క వేసి చూపిస్తాను. గంటకు 180 డాలర్లు అనుకుందాం. ఎక్కించడానికి 3 గంటలు, దించడానికి 2 గంటలు. అక్కడికి 900. సన్నీవేల్ నుంచి మౌంటెన్ హౌస్‌కి శనివారం పొద్దున్నే బయల్దేరితే సుమారు గంట. రెట్టింపు చేస్తే 360, మొత్తం 1,260 డాలర్లు. అదే శుక్రవారం సాయంత్రం 580 హైవే మీద ఆల్టమాంట్ కనుమ దగ్గర వాహనాల వరుసలో చిక్కుకుని 2 గంటలు పట్టిందనుకోండి. ప్రయాణానికే 720, మొత్తం 1,620. అదే సామాను, అదే మనుషులు, అదే రోడ్డు. 360 డాలర్లు అదనం!

పొద్దున 8కి వస్తానన్నవాడు మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కునేది మీ డబ్బు. అంటే ఆలస్యంగా వచ్చినవాడికే ఎక్కువ గిట్టుబాటు. రెట్టింపు నిబంధనలో నేను తప్పుపట్టేది ఇదొక్కటే, కానీ ఇది చిన్న తప్పు కాదు. ప్రయాణ సమయం ఎంతో సంతకం పెట్టే రోజే కాగితం మీద ఖరారు కావాలి. వాడి ఆలస్యానికి వాడే బాధ్యుడు కావాలి. నిబంధనను ఇలా సవరించడానికి ఏ అడ్డంకీ నాకు కనబడదు.

అప్పటిదాకా మన చేతిలో ఆయుధమే లేదా? ఉంది, మనమే వాడం. కాలిఫోర్నియాలో 'నాట్ టు ఎక్సీడ్' ధర, అంటే అంతకు మించి వసూలు చేయకూడని గరిష్ఠ మొత్తం, పని మొదలుకాకముందే ఒప్పందంలో రాసివ్వాలి. అంచనా కూడా సామాను చూశాక, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పిన మాట నీటిమూటే. మధ్యలో మీరు అదనపు పని చెబితే దానికి వేరే కాగితం, వేరే సంతకం. 2018 జులై 1 నుంచి ఈ వ్యవహారాలను చూసే బ్యూరో ఆఫ్ హౌస్‌హోల్డ్ గూడ్స్ అండ్ సర్వీసెస్ దగ్గర కంపెనీకి లైసెన్సు ఉందో లేదో నిమిషంలో తెలుసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన నంబరుకి ఫోన్ చేసి, నగదుకైతే తగ్గిస్తానన్నవాడికి ఇంటి తాళాలిచ్చి, ఆనక చట్టం ఎక్కడుందని అరిస్తే ఎవరు పలుకుతారు?

ఈ ఆయుధానికీ ఒక లోపం ఉంది. అంచనా 1,300 అని చెప్పి, గరిష్ఠ మొత్తం గడిలో 4,000 రాసేవాడు ఉంటాడు. ఆ గడిని చూడకుండా సంతకం పెట్టే మనమూ ఉంటాం. ఆ రెండంకెల మధ్య అగాధం కనబడితే అక్కడే పెన్ను మూసేయండి.

రాష్ట్రం దాటితే ఆట నియమాలు మారతాయి. లెక్క గంటల మీద కాదు, ప్రధానంగా బరువు మీద, దూరం మీద. కంపెనీ కట్టుబడనక్కర్లేని (నాన్-బైండింగ్) అంచనా ఇచ్చినా, సామాను అప్పగించే రోజున అందులో 110 శాతానికి మించి కట్టమని నిలదీయడానికి ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. డాలస్‌కో, షార్లెట్‌కో మారేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో సామాను తరలించడానికి డీసీఎం వ్యాను మాట్లాడేటప్పుడు మన నాన్నలు గంటలు అడిగారా? "కూకట్‌పల్లి నుంచి ఉప్పల్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, బీరువా, ఫ్రిజ్, హమాలీలతో సహా మొత్తం ఎంత?" అని గుత్తకు మాట్లాడారు. ఇంగ్లిష్ రాదని మనం జాలిపడే ఆ పెద్దవాళ్లు అడిగింది సరైన ప్రశ్న. పెద్ద చదువులు చదివి సముద్రాలు దాటిన మనం అడుగుతున్నది తప్పు ప్రశ్న.

గంట రేటు ధర కాదు, ఎర. ప్రయాణ సమయం ఎంత, కనీసం ఎన్ని గంటలకు కట్టాలి, అన్నీ కలిపి ఎంతకు మించదు? ఈ మూడూ కాగితం మీద రాయనివాడి ట్రక్కులోకి మీ ఇంటి చీపురుపుల్ల కూడా ఎక్కనివ్వకండి.